ఎవరి ముందున్నది వాళ్ళకి

అన్నం మెత్తబడింది. మైమూనా మూత పక్కకి జరిపి, రేకు గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలిపింది. మేకమాంసం ఉడికిన నీళ్ళు, చిదిపిన కారెట్టు, చిటికెడు ఉప్పు. మిరియం వెయ్యలేదు. ఉల్లిపాయా వెయ్యలేదు. ఈ గదిలో తినే పిల్లలకి ఒక్కోరోజు ఉల్లిపాయ కూడా కడుపులో తిప్పుతుంది.

బడి వెనక మట్టి ఇటుకల గది అది. పైన రేకులు, అవి గాలికి లేవకుండా వాటి మీద రాళ్ళు. ఎడారిలోని ఈ కాందిశీకుల శిబిరంలో గోధుమ పడని పిల్లలందరికీ మధ్యాహ్నం తిండి ఇక్కడే. ఆ పిండి రేణువు కూడా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మైమూనా ఇంటి నుంచి తల మీదుగా ఒళ్ళంతా చుట్టుకొచ్చిన మెల్హ్ఫా గుడ్డను బయట మేకుకు తగిలించి, లోపల ఉంచుకున్న పాతది చుట్టుకుంటుంది. మోచేతుల దాకా కడుక్కుంటుంది. బియ్యాన్ని గుడ్డ మీద పరిచి వేలితో జరుపుతూ, దారి తప్పి వచ్చిన గోధుమ గింజ ఏమన్నా ఉందేమోనని వెతుకుతుంది. దొరికితే దాన్ని గుమ్మం అవతలికి విసిరి మళ్ళీ చేతులు కడుక్కుంటుంది.

ఆమె బిడ్డ చనిపోయిన ఏటికి ఈ జబ్బుకి ఇక్కడ ఇంకా పేరు లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. మైమూనా కొయ్య పళ్ళాన్ని మధ్యలో పెట్టింది. రెండు చేతులూ బారచాపితే తప్ప అంచులు అందని పళ్ళెం. ఆమె అత్తగారి తల్లి నాటిది, మట్టిరంగు తిరిగి నున్నబడింది. మొదట్లో ఈ గదికి రేకు పళ్ళేలు ఇచ్చారు, పిల్లకొకటి. పిల్లలు తినలేదు. ఎవడి పళ్ళెం వాడు ముందు పెట్టుకుని, పక్కవాడి వంక చూస్తూ కూర్చున్నారు. "పిన్నీ, మమ్మల్ని కుక్కలకి పెట్టినట్టు విడివిడిగా పెడుతున్నావేం?" అని ఒకడు అడిగాడు. మర్నాడే ఆమె ఇంట్లోంచి ఈ పళ్ళాన్ని నెత్తిన పెట్టుకొచ్చింది. ఆ రోజు అడుగు కనపడేదాకా తిన్నారు.

అన్నం ఆరాక ఆమె చేత్తో చిన్న చిన్న ఉండలు చేసి అంచు చుట్టూ పేర్చింది. పిల్లలు వాటిని ఒంటె పెంటికలంటారు.

"ఇవాళ ఒంటెకి ఒంట్లో బాగుందిరా, గట్టిగా వేసింది," అన్నాడు ముందుపళ్ళు లేనివాడు. అందరూ నవ్వారు. మైమూనా నవ్వలేదు గాని వాడి ముందు ఒక ఉండ ఎక్కువ పెట్టింది.

తినేముందు రోజూ ఒక పాఠం ఉంటుంది. ఎవరన్నా ఏదన్నా పెట్టబోతే ఏం చెయ్యాలి? పిల్లలు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒక్క గొంతుతో "నాకు పడదు" అన్నారు. ఆ తర్వాతే చేతులు ముందుకొచ్చాయి. ఎవరి ముందున్నది వాళ్ళు తిన్నారు. పక్కవాడి వైపు చెయ్యి పోనివ్వడం ఎంత చిన్న పిల్లలైనా చెయ్యరు.

గలియా గుమ్మం వైపు కూర్చుంటుంది. ఆరేళ్ళది, నాలుగేళ్ళ పిల్లలా ఉంటుంది. పళ్ళెం ఒకప్పుడు పగిలితే వేసిన ఇత్తడి కుట్లు సరిగ్గా దాని ముందుకే వస్తాయి. ఆ కుట్ల నడుమ మెతుకులు ఇరుక్కుంటాయి. అందరూ లేచిపోయాక కూడా అది కూర్చుని వాటిని గోటితో గీకి తీసి నాకుతుంది. దానికి అదొక ఆట. తిండి మీద ఆశపడే పిల్లని చూస్తే మైమూనాకి చేతుల్లో పని తేలికయ్యేది. కసరకుండా, అది లేచేదాకా ఆగి, పళ్ళెం కడిగేది.

అది ఆదివారం. ఆ సాయంత్రమే గలియాకి వాంతులు మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున మినెతూ వచ్చింది. మహిళల సంఘం తరఫున ఈ వంటగది బాగోగులు చూసేది ఆమె. గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది. గలియాకి నెల రోజుల్నుంచి ఇదే వరస అట, రెండ్రోజులు బాగుంటుంది, మళ్ళీ కడుపు ఉబ్బుతుంది. బరువు తగ్గిపోతోందని నర్సమ్మ అడుగుతోందట. మిగతా పిల్లలంతా పుంజుకుంటుంటే ఈ పిల్ల ఒక్కతే ఎందుకిలా ఉందంటే తను ఏమని చెప్పాలి?

"నీ దగ్గర్నుంచో, ఇంటి దగ్గర్నుంచో, ఏదో ఒకటి తేలాలి మైమూనా. నీ దగ్గర్నుంచి అంటే ఈ గది మూసేస్తారు. మిగతా పిల్లల గతేంటో నువ్వే చెప్పు."

మైమూనా బియ్యం జరుపుతూనే ఉంది. తన గదిలోకి గోధుమ రాదంది.

"మరైతే ముసలమ్మ దగ్గరుంది," అంది మినెతూ, తేలిపోయినట్టు.

గలియా పెరిగేది దగ్జా అవ్వ దగ్గర. మొదటి బిడ్డని అమ్మమ్మకిచ్చేది ఇక్కడ మామూలే. తల్లి సల్కా అవతలి గుడారాల వరసలో ఉంటుంది, మిగతా పిల్లలతో. దగ్జా అవ్వకి చూపు సగానికి పైగా పోయింది. గుడారం తాళ్ళు పట్టుకుని నడుస్తుంది. టీ మాత్రం చుక్క ఒలకకుండా పోస్తుంది, గ్లాసులో పడే చప్పుడు వింటూ.

మైమూనా వెళ్ళేసరికి గలియా కంబళి మీద ముడుచుకు పడుకుని ఉంది. అవ్వ రెండో గ్లాసు పోస్తోంది. మైమూనా తాగింది. తాగుతూ గుడారమంతా చూసింది. నీళ్ళ డబ్బా, పిల్ల చెప్పులు, మొక్కజొన్న పిండి సంచి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నిట్టాడికి మాత్రం ఒక తోలు తిత్తి వేలాడుతోంది. దాని మూతి దగ్గర గోధుమరంగు పొడి, వేయించిన వాసన.

"ఇదేంటవ్వా?"

"బార్లీ. వేయించి విసిరింది. నా కీళ్ళకి. పొద్దున్నే పాలల్లో కలుపుకుంటా."

"గలియాకి?"

"పెట్టలేదు."

మైమూనా నెమ్మదిగా చెప్పింది. గోధుమ పడని కడుపుకి బార్లీ కూడా పడదని, రెండూ ఒక్క విషమేనని, నర్సమ్మ చెప్పిందని. అవ్వ విన్నది. గోధుమ లారీల్లో వచ్చింది, బార్లీ మా ఒంటెల మీద మాతో వచ్చింది, అది మాలో ఎవరినీ చంపలేదంది. ఆ మాట చాలు, అనుకుంది మైమూనా. బార్లీని మందనుకునే మనిషి ఒక రోజు కాకపోతే ఒక రోజు, పిల్ల నీరసంగా ఉంటే ఒక గుక్క పట్టకుండా ఉంటుందా?

"ఒక్క గుక్కన్నా పట్టలేదా అవ్వా? వేలితో నాకించనన్నా లేదా?"

అవ్వ టీ కెటిలు కింద పెట్టింది.

పెద్దవాళ్ళు ఒకసారి చెప్పిన మాటని రెండోసారి అడగకూడదు. ఆ సంగతి మైమూనాకి తెలుసు. అడిగాక తెలిసింది కాదు, అడుగుతున్నప్పుడే తెలుసు. వచ్చినవాళ్ళకి మూడు గ్లాసులు పొయ్యడం ఇక్కడ మర్యాద; అవ్వ మూడో గ్లాసు పోయలేదు. బొగ్గుల మీద బూడిద కప్పింది. గలియా అటు తిరిగి గుడారం గుడ్డ వైపు మొహం పెట్టుకుంది.

సాయంత్రం సల్కా వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. మైమూనాయే కబురు పెట్టింది. అవ్వా సల్కా పెద్దగా మాట్లాడుకోలేదట. పిల్ల కంబళి మడిచి, చెప్పులు దాని మీద పెట్టి ఇచ్చింది అవ్వే అట. వరసలో ఆడవాళ్ళు ఇదంతా చూశారు. మర్నాడు నీళ్ళ తొట్టి దగ్గర, అవ్వ డబ్బా పట్టుకుని తడుముకుంటూ వస్తుంటే ఒకావిడ అంది:

"అవ్వా, నీ బార్లీ మా మేకలకి పెట్టు. అవన్నా బలుస్తాయి."

కొందరు మెల్హ్ఫా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మైమూనా కూడా అక్కడే ఉంది, తన డబ్బా నిండేదాకా నీటి ధార వంకే చూస్తూ. నిండింది. ఎత్తుకుని వచ్చేసింది.

గలియా మళ్ళీ భోజనానికి వచ్చింది. పెదాలు ఎండి ఉన్నాయి. మైమూనా దాని కోసం బంగాళాదుంప ఉడికించి, మాంసపు నీళ్ళతో మెత్తగా చిదిమి విడిగా ఒక గిన్నెలో పెట్టింది. తిన్నది. పాఠం వేళ మైమూనా దాన్ని ఒక్కదాన్నే నిలబెట్టింది.

"అవ్వ పిలిచి పెడితే?"

గలియా పళ్ళెం వంక చూసింది.

"అవ్వ పెట్టినా సరే. ఏమనాలి?"

"నాకు పడదు."

"ఖర్జూరం పెడితే?"

పిల్ల ఆలోచించింది. ఖర్జూరం పడుతుందని దానికి తెలుసు. అవ్వ చేతి మీద పిండి ఉంటుంది, అది పండుకి అంటుతుంది, అందుకని ఏదీ తినకూడదని మైమూనా చెప్పింది. చెప్పి మళ్ళీ అడిగింది. చేతులు వెనక్కి పోయేదాకా అడిగింది.

"నాకు పడదు," అంది గలియా, వీపు వెనక చేతులు కట్టుకుని.

వారం మధ్యకి వచ్చేసరికి పిల్ల తేరుకుంది. కడుపు దిగింది. గురువారం పిల్లలతో పాటు గోల చేసింది. మినెతూ వచ్చి చూసి, చూశావా అంది. సల్కా దారిలో కనపడి, మైమూనా చెయ్యి పట్టుకుని, అక్కా నీ రుణం ఉంచుకోను అంది. అమ్మ మీద కోపం లేదట, ముసలితనం అంది. మైమూనాకి సంతోషం కలగాల్సింది. కలగలేదు. ఆమెకి ఏదన్నా కలగడం మానేసి చాలా కాలమైంది. అన్నం అడుగంటకుండా చూసుకోవడం, గింజలు ఏరడం, అంతే.

ఆ గురువారం పిల్లలు పోయాక పళ్ళెం కోసం మనిషి వచ్చింది. శుక్రవారం ఎవరో ఒకరింట్లో నలుగురూ కలుస్తారు, అంత వెడల్పు పళ్ళెం ఈ వరసల్లో ఇంకొకటి లేదు. ఈసారి పెళ్ళి. మైమూనా ఎప్పట్లాగే ఇచ్చింది. అడిగిన పళ్ళాన్ని లేదనడం ఎవరికీ చేతకాదు. ఆదివారం పొద్దున అది తళతళలాడుతూ తిరిగొచ్చింది. అయినా ఆమె ఇసకతో రుద్దింది, కాగిన నీళ్ళు పోసింది, ఎండలో బోర్లించింది. మధ్యాహ్నం దాని నిండా అన్నం పెట్టింది.

ఆదివారం సాయంత్రం గలియాకి మళ్ళీ వాంతులు.

ఈసారి సల్కాయే వచ్చింది, నిద్ర లేని కళ్ళతో. పిల్ల అవ్వ గుడారం వైపు వెళ్ళనే లేదట. పిల్ల వచ్చినప్పట్నుంచి తను రొట్టె చెయ్యడం కూడా మానేసిందట, మగాయన సణుగుతున్నా. మినెతూ విని కాసేపు ఆలోచించింది. బడికొచ్చే దారిలో ముసలమ్మ పిలిచి పెట్టి ఉంటుందంది. సల్కా అవునా అన్నట్టు మైమూనా వంక చూసింది. మైమూనా అవుననలేదు, కాదనలేదు.

ఆ రోజు గలియా రాలేదు. పిల్లలు తిని లేచారు. ఎవరి ముందున్నది వాళ్ళు తిన్నారు గనక గుమ్మం వైపు అన్నం అలాగే ఉండిపోయింది. మైమూనా దాన్ని తీసేసి పళ్ళెం కడగబోయింది. కుట్ల దగ్గర మెతుకులు ఎండి పట్టుకున్నాయి. రోజూ అక్కడ ఏమీ ఉండేది కాదు, గలియా గీకేసేది. ఆమె గోరు పెట్టి గీకింది.

అన్నం వచ్చింది. దాని కింద పగుల్లో ఇంకేదో ఉంది, పసుపు తిరిగిన తెలుపు. గోటికి జిగురుగా తగిలింది. వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. అన్నం నలిపితే విడిపోతుంది. ఇది సాగింది.

ఆమె మెల్హ్ఫాకి గుచ్చుకున్న సూది తీసింది. కుట్ల కింద పెట్టి లాగింది. ఇంకా వచ్చింది. కుస్‌కుస్ చేసేది ఇట్లాంటి పళ్ళెంలోనే. గోధుమ రవ్వ పోసి, నీళ్ళు చిలకరించి, తడి అరచేత్తో గుండ్రంగా రుద్దుతారు. ఆడవాళ్ళు నలుగురు కూర్చుంటే పెళ్ళికి సరిపడా ఒక పూటలో చేస్తారు. ప్రతి రుద్దుడుకీ రవ్వ పగుల్లోకి పోతుంది. శుక్రవారం కుక్కింది ఆదివారం అన్నం తడికి మెత్తబడుతుంది. దాన్ని ఒక పిల్ల గోటితో తీసి నాకుతుంది. వారం మధ్యకి పగులు ఖాళీ అవుతుంది. మళ్ళీ శుక్రవారం వస్తుంది.

మైమూనా సూదిని గుడ్డకి తుడిచి మళ్ళీ గుచ్చుకుంది. కూర్చుంది. గుండె కొట్టుకుంటుందేమోనని చూసుకుంది. మామూలుగానే ఉంది. బయట ఒక మేక అరిచింది.

తర్వాత పళ్ళాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయింది. రేకు ముక్కలూ తీగలూ కలిపి కట్టిన దొడ్లో దాన్ని మేకల ముందు పడేసి నీళ్ళు పోసింది. మేకలు తాగాయి. ఇక అది వంటగదికి పోదు. గలియా నాలుగు రోజుల్లో తేరుకుంటుంది, ఇక మళ్ళీ పడదు. ముసలమ్మకి దూరం చేశారు, పిల్ల బాగుపడింది అంటారు. ఎవరూ ఏమీ అడగరు. ఆ ఆలోచన చల్లటి నీళ్ళలా సులువుగా దిగింది.

మర్నాడు రేకు పళ్ళేల్లో పెట్టింది. పిల్లలు సగం సగం వదిలేశారు. ముందుపళ్ళు లేనివాడు పళ్ళెం ఏదని అడిగాడు. మేకలకిచ్చానంది. "మరి మేకల్తో పాటు తింటాం," అన్నాడు వాడు.

మినెతూ వస్తే ఉన్నదున్నట్టు చెప్పింది. మినెతూ చాలాసేపు తలుపు చెక్క మీద వేలితో గీసింది.

"ఎవరితోనన్నా అన్నావా?"

లేదంది.

"అనకు. పళ్ళెం తీసేశావు, అయిపోయింది. తెలిస్తే గది మూసేస్తారు. ముసలమ్మ మాట పట్టించుకునేదెవరు? పిల్ల తల్లి దగ్గర బాగానే ఉంది. దగ్జా అవ్వ మాత్రం ఎన్నాళ్ళుంటుంది?" ఆమె గొంతులో కఠినం ఏమీ లేదు. పొయ్యి మీద ఉన్నదాన్ని దించమన్నట్టు చెప్పి వెళ్ళిపోయింది.

మైమూనా గిన్నెలు కడిగింది. రేపటికి బియ్యం పరిచింది. వేలితో జరుపుతూ ఒక చోట ఆగింది. చేతికి తగిలింది గోధుమ గింజ కాదు, వట్టి రాయి. అయినా ఆ వేలు ముందుకు పోలేదు. బియ్యాన్ని అట్లాగే గుడ్డలో మూటగట్టి లేచింది.

మేకల ముందు నుంచి పళ్ళాన్ని తీసి నీళ్ళు పారబోసింది. ఎండ ఇంకా ఉంది. నీళ్ళ తొట్టి దారి వదిలి పోవచ్చు. పోలేదు. ఆడవాళ్ళు డబ్బాలతో నిలబడి ఉన్నారు. పళ్ళెం ఏ గుడారానికి పోతోందని ఒకావిడ అడిగింది, మళ్ళీ పెళ్ళా అని.

"ఇందులో రుద్దిన కుస్‌కుస్సే గలియా కడుపులోకి పోయింది," అంది మైమూనా నడుస్తూనే. "దగ్జా అవ్వ ఏమీ పెట్టలేదు. పెట్టింది నేను."

డబ్బా ఒకటి నిండి పొర్లుతున్నా ఎవరూ దాన్ని జరపలేదు.

సల్కా గుడారం ముందు ఆగి, పిల్లని తీసుకుని తనతో రమ్మంది. ఎందుకో దారిలో చెప్పింది. సల్కా కూతురి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది, రానురాను పెద్ద అంగలతో.

అవ్వ గుడారంలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. అడుగుల చప్పుడుకి తల ఎత్తింది. మైమూనా పళ్ళాన్ని ఆమె మోకాళ్ళ ముందు పెట్టింది.

"ఇది నా పళ్ళెం అవ్వా. పిల్ల కూర్చునే వైపు పగులుంది. అందులో గోధుమ."

అవ్వ రెండు చేతులూ పళ్ళెం అంచు మీద పెట్టి చుట్టూ తడిమింది. కుట్ల దగ్గర ఆగింది. ఒక్కొక్క కుట్టునీ వేలితో లెక్కబెట్టినట్టు తాకింది. మంచి కొయ్య అంది. ఇట్లాంటి చెట్టు ఇప్పుడు లేదంది.

"నన్ను రెండుసార్లు అడిగావు," అంది.

"అడిగాను."

"నా కూతురు ఒక్కసారి కూడా అడగలేదు."

సల్కా తల దించుకుంది. ఏడుపో ఏమో, మెల్హ్ఫాను మొహం మీదికి లాక్కుంది. అవ్వ ఆ వైపు తిరగలేదు. మెల్హ్ఫా కొంగున కట్టిన ముడి విప్పింది. లోపల ఖర్జూరాలు. ఒకదాన్ని వేళ్ళతో చీల్చి గింజ తీసేసింది. పక్కనున్న నీళ్ళతో చేతులు కడుక్కుంది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. పండుని కూడా తడిపి తుడిచింది. అరచేతిలో పెట్టి, పిల్ల ఊపిరి వినపడే వైపు చాచింది.

"దా తల్లీ."

గలియా ఆ చేతి వంక చూసింది. మైమూనా వంక చూసింది. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"నాకు పడదు," అంది.

పాఠం అప్పచెప్పినట్టు, ఒక్క అక్షరం కూడా తడబడకుండా అంది.

"పడుతుంది గలియా," అంది మైమూనా. "తిను. నేను తప్పు చెప్పాను."

"నాకు పడదు."

అవ్వ చెయ్యి వెనక్కి తీయలేదు. రెండో చేత్తో కెటిలు అందుకుని, గ్లాసులు తడిమి, మొదటి టీ పోసింది. చుక్క ఒలకలేదు. మైమూనా లేవబోయింది. తను లేకపోతే పిల్ల భయం లేకుండా తీసుకుంటుందేమో అనుకుంది.

"కూర్చో," అంది అవ్వ. "ఆ మాట దానికి నేర్పింది నువ్వు. మూడో గ్లాసు దాకా కూర్చో. అప్పటికీ తీసుకోకపోతే రేపు రా. ఎల్లుండి కూడా రా."

మైమూనా కూర్చుంది. టీ పొగలు కక్కుతోంది. అవ్వ అరచేతిలో ఖర్జూరం తడిగా మెరుస్తోంది. గలియా కదలకుండా నిలబడి దాన్నే చూస్తోంది. మైమూనా కూర్చున్న వైపు నుంచి పిల్ల వీపు కనపడుతోంది. వీపు వెనక చిన్న చేతులు రెండూ బిగించి ఉన్నాయి. ఒక చేతి గోరు రెండో అరచేతిలో, అక్కడ ఏమీ లేకపోయినా, నెమ్మదిగా గీకుతోంది.

అవ్వ రెండో టీకి నీళ్ళు పెట్టింది.